తిండి, నీళ్ళు, దిక్కు, చోటు: ముస్లిం పర్యాటక మార్కెట్ పుట్టిన కథ

కౌలాలంపూర్‌లో హోటల్ గదిలో దిగినవాళ్ళు ఒకసారి తలెత్తి చూస్తే, చాలాచోట్ల పైకప్పు మూలన చిన్న బాణం గుర్తు కనబడుతుంది. కొన్ని హోటళ్ళలో అది బల్ల సొరుగు లోపల అంటించి ఉంటుంది. మక్కాలోని కాబా ఎటువైపు ఉందో చెప్పే గుర్తు అది. ఆ దిక్కునే కిబ్లా అంటారు. నమాజు చేసుకునే అతిథి దానికోసం రిసెప్షన్‌కు ఫోను చేయనక్కర్లేదు, కిటికీ తెర తొలగించి పొద్దు ఎటు వాలుతోందో వెతుక్కోనక్కర్లేదు. ఆ హోటలుకు అయిన ఖర్చు ఒక స్టిక్కరు ఖరీదు. అతిథికి దక్కింది మాత్రం పెద్ద ఊరట: నేను వస్తానని వీళ్ళు ముందే అనుకున్నారు!

ఈ చిన్న ఊరట చుట్టూ ఇవాళ ఒక పెద్ద మార్కెట్ అల్లుకుంది. 2014లో దేశం దాటి ప్రయాణించిన ముస్లింలు 10.8 కోట్లమంది అనీ, వాళ్ళు పెట్టిన ఖర్చు 14,500 కోట్ల డాలర్లు అనీ గ్లోబల్ ముస్లిం ట్రావెల్ ఇండెక్స్ మొదటి నివేదిక అంచనా వేసింది. 2024కు వచ్చేసరికి అదే సూచీ చెప్పిన సంఖ్య 17.6 కోట్లు. 2030 నాటికి 24.5 కోట్లు దాటుతుందని దాని అంచనా. జపాన్, కొరియా, తైవాన్ లాంటి దేశాలు, ముస్లిం జనాభా చాలా కొద్దిగా ఉన్న దేశాలు, ఈ ప్రయాణికుల కోసం రైల్వే స్టేషన్లలో ప్రార్థన గదులు కేటాయిస్తున్నాయి. నిన్నమొన్నటిదాకా ఎవరి కంటా పడని అవసరం ఒక్కసారిగా ఇంతమందికి ఎలా కనబడింది? ఆ కథ తెలుసుకోదగ్గది.

సత్రాలు, బావులు, ఆవిరి ఓడలు

ప్రయాణం కష్టమని ఇస్లాం మొదటినుంచీ ఒప్పుకుంది. అందుకే ప్రయాణికుడికి సడలింపులు ఇచ్చింది. నాలుగు రకాత్‌ల నమాజును రెండుకు కుదించుకోవచ్చు. రంజాన్‌లో ప్రయాణం పడితే ఆ ఉపవాసాలు తర్వాత తీర్చుకోవచ్చు. నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కునే వజూకు నీళ్ళు దొరక్కపోతే శుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేసుకోవచ్చు. ఈ వెసులుబాట్లన్నీ పోగా మిగిలే అవసరాలు కొన్నే: తినదగిన హలాల్ తిండి, కడుక్కోవడానికి నీళ్ళు, తెలిసిన దిక్కు, చాప పరుచుకునేంత చోటు.

వీటిని సమకూర్చే పని పూర్వం దాతలు చేశారు. అబ్బాసీ ఖలీఫా హారూన్ అల్ రషీద్ భార్య జుబైదా ఇరాక్‌లోని కూఫా నుంచి మక్కా దాకా ఎడారి దారి పొడవునా బావులు, చెరువులు, మజిలీలు కట్టించింది. ఆ దారికి ఇప్పటికీ ఆమె పేరే ఉంది. మన హైదరాబాద్ నిజాం ప్రభువుల కాలంలో మక్కాలో రుబాత్‌లు, అంటే ఉచిత బస ఇళ్ళు, వెలిశాయి. పాత హైదరాబాద్ సంస్థానం జిల్లాల నుంచి వెళ్ళే హాజీలకు, తెలంగాణవాళ్ళతో పాటు మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాలవాళ్ళకు కూడా, అక్కడ బస ఇస్తూ వచ్చారు. అడిగేవాళ్ళు ఎక్కువ, గదులు తక్కువ కాబట్టి చీటీలు తీసి ఎంపిక చేయడం ఆనవాయితీ. కాశీ వెళ్ళిన తెలుగువాళ్ళకు అక్కడి తెలుగు సత్రంలో తమ పద్ధతి వంట, తమ మాట దొరికితే ఎంత ధైర్యమో, మక్కాలో హైదరాబాద్ హాజీకి రుబాత్ అంత ధైర్యం.

దానధర్మంగా సాగిన ఏర్పాటు వ్యాపారం చేతికి వెళ్ళడం ఆవిరి ఓడల కాలంలో మొదలైంది. బొంబాయి నుంచి జెడ్డాకు హాజీలను కిక్కిరిసేలా ఎక్కించుకుపోయే ఓడలు, దారిలో కలరా, తిరుగు ప్రయాణానికి డబ్బుల్లేక చిక్కుకుపోయే బీదలు, ఇవన్నీ బ్రిటిష్ ఇండియా ప్రభుత్వానికి తలనొప్పిగా మారాయి. 1886లో ప్రభుత్వం ఈ ఏర్పాట్లను లండన్‌లోని థామస్ కుక్ అండ్ సన్ కంపెనీకి అప్పగించింది. ఇంటి దగ్గరి రైల్వే స్టేషన్ నుంచి జెడ్డా దాకా ఒకే టికెట్టు, ముందే చెప్పిన ధర అన్నవి ఆ కంపెనీ పద్ధతులు. 1890ల మధ్యకల్లా ఆ ఒప్పందం ముగిసింది. అయినా అప్పటికే ఒక సంగతి తేలిపోయింది. ముస్లిం యాత్రికుడికి కూడా పేరున్న ట్రావెల్ కంపెనీ సేవ చేయవచ్చు, ధర ముందే చెప్పవచ్చు, మోసం తగ్గించవచ్చు.

అదంతా మక్కాకు వెళ్ళేవాళ్ళ సంగతి. సరదాగా సముద్రం చూడటానికో, పెళ్ళయ్యాక కొత్త ఊరు తిరగడానికో, వ్యాపారం పనిమీదో వెళ్ళే ముస్లిం మాత్రం ఇంకో నూరేళ్ళు తన తిప్పలు తాను పడ్డాడు. పండ్లు, రొట్టె, గుడ్లతో పూట గడుపుకోవడం, విమానాశ్రయంలో మెట్లకింద తువ్వాలు పరుచుకోవడం అతనికి మామూలైపోయింది. విమాన కంపెనీలు మాత్రం కాస్త ముందే మేల్కొన్నాయి. టికెట్టు కొనేటప్పుడు ముస్లిం భోజనం కావాలంటే బుకింగ్‌లో ‘ఎంఓఎంఎల్’ అనే నాలుగక్షరాల కోడ్ చేరుతుంది. ఏ దేశపు విమానమైనా దాని అర్థం ఒకటే.

మలేషియా వేసిన బాట

ఈ కథలో మలుపు మలేషియాలో వచ్చింది. మలయ్, చైనీస్, తమిళ, తెలుగు జనం పక్కపక్కన బతికే దేశం అది. ఒకే వీధిలో పంది మాంసం అమ్మే దుకాణం, హలాల్ భోజనశాల, అరటాకులో వడ్డించే ఇడ్లీ హోటలు ఉంటాయి. ఎక్కడ ఏది తినవచ్చో స్పష్టంగా రాసి పెట్టడం అక్కడ రోజువారీ అవసరం. 1974లో ప్రధాని కార్యాలయంలోని ఇస్లామిక్ వ్యవహారాల విభాగం హలాల్ ధ్రువీకరణ లేఖలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పని తర్వాత జాకిమ్ అనే శాఖ చేతికి వచ్చి, దాని ముద్రకు ప్రపంచమంతటా విలువ పెరిగింది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత గల్ఫ్ కుటుంబాలకు అమెరికా, ఐరోపా ప్రయాణాలు ఇబ్బందిగా మారాయి. వీసాల ఆలస్యం ఒకటి, విమానాశ్రయంలో అనుమానపు చూపులు మరొకటి. వేసవి ఎండల నుంచి తప్పించుకోవడానికి వాళ్ళకు మరో చోటు కావలసి వచ్చింది. మలేషియా ఆ అవకాశాన్ని అందిపుచ్చుకుంది. కౌలాలంపూర్‌లోని బుకిత్ బింతాంగ్ ప్రాంతంలో అరబ్బీ బోర్డులు, అరబ్బు భోజనశాలలు వెలిశాయి. 2009 మార్చిలో పర్యాటక శాఖ కింద ఇస్లామిక్ టూరిజం సెంటర్ ఏర్పడింది. 2015లో ముస్లిం అతిథులకు సేవలందించే హోటళ్ళు, టూర్ కంపెనీలు, గైడ్లు ఏమేం పాటించాలో చెప్పే జాతీయ ప్రమాణం వచ్చింది. దాని సంఖ్య ఎంఎస్ 2610.

ఈ దేశం ఎంత దూరం ఆలోచించిందో చెప్పడానికి ఒక సంఘటన చాలు. 2007 అక్టోబరు 10న మలేషియా మొదటి వ్యోమగామి షేక్ ముస్జఫర్ షుకోర్ కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయలుదేరాడు. అతను ఎముకల వైద్యుడు. అది రంజాన్ నెల. అంతరిక్ష కేంద్రం రోజుకు దాదాపు 16 సార్లు భూమిని చుట్టేస్తుంది. అంటే 24 గంటల్లో దాదాపు 16 సూర్యోదయాలు, 16 సూర్యాస్తమయాలు. అయిదు పూటల నమాజు ఎప్పుడు చేయాలి? గంటకు వేల కిలోమీటర్ల వేగంతో పోతుంటే కిబ్లా ఎటు? మలేషియా మతపండితులు శాస్త్రవేత్తలతో కూర్చుని ఒక మార్గదర్శక పత్రం తయారుచేశారు. సమయానికి బయలుదేరిన చోటి గడియారం లెక్క. దిక్కుకు నాలుగు మెట్లు: వీలైతే కాబా వైపు, లేదంటే కాబాకు సరిగ్గా పైన ఊహించుకున్న బిందువు వైపు, అదీ కాకపోతే భూమి వైపు, ఏదీ కుదరకపోతే ఎటు తిరిగి ఉంటే అటే. నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పడుకుని చేయవచ్చు. ఉపవాసం తిరిగొచ్చాక తీర్చుకోవచ్చు.

ఈ పత్రం నాకు ఎంతో నచ్చుతుంది. మొదట చేయదగ్గదేమిటో చెప్పి, అది కుదరకపోతే తర్వాతి మెట్టు చూపించి, ఎక్కడా మనిషిని నిస్సహాయంగా వదిలిపెట్టని తీరు అందులో ఉంది. తర్వాత వచ్చిన ముస్లిం పర్యాటక ఏర్పాట్లు కొన్నిటిలోనూ ఇలాంటి మెట్ల పద్ధతే కనబడుతుంది.

చిట్టా రాసిన మనిషి

అంతరిక్ష యాత్ర జరిగిన మరుసటి ఏడాది, 2008లో, సింగపూర్‌లో ఫజల్ బహార్దీన్ అనే వ్యక్తి క్రెసెంట్‌రేటింగ్ అనే చిన్న సంస్థ ప్రారంభించాడు. ఉద్యోగరీత్యా దేశాలు తిరిగినప్పుడు హలాల్ తిండి కోసం, నమాజు చోటు కోసం పడ్డ ఇబ్బందులే దానికి ప్రేరణ అని ఆయన చెబుతూ వచ్చాడు. ఇబ్బంది లక్షలమంది పడ్డదే. దాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టడమే ఆయన చేసిన కొత్త పని.

హోటళ్ళకు నక్షత్రాలు ఉన్నట్టే, ముస్లిం అతిథికి ఎంత అనుకూలమో చెప్పడానికి 1 నుంచి 7 దాకా రేటింగు పెట్టాడు. కింది మెట్టు మీద హోటలు చేయాల్సింది కొద్దిగానే ఉంటుంది. దిక్కు చెప్పగలగాలి, దగ్గర్లో హలాల్ తిండి ఎక్కడ దొరుకుతుందో చెప్పగలగాలి. పైకి పోయేకొద్దీ నిబంధనలు బిగుస్తాయి. దాంతో పారిస్‌లోనో ప్రాగ్‌లోనో ఉన్న మామూలు హోటలు కూడా తన మద్యం బార్ మూసుకోకుండానే ఈ మెట్లలో మొదటిది ఎక్కగలిగింది.

తర్వాత ఆయన సంస్థ ముస్లిం ప్రయాణికుల అవసరాలను ఒక చిట్టాగా రాసింది: హలాల్ తిండి, నమాజు వసతి, నీళ్ళున్న మరుగుదొడ్డి, రంజాన్ సేవలు, మద్యం జూదం లేని పరిసరాలు, ఆడవాళ్ళకు మరుగున్న ఈతకొలనులు, వ్యాయామశాలలు. కొన్నేళ్ళకు ఆ చిట్టాలోకి ఇంకొన్ని అవసరాలు వచ్చి చేరాయి. వాటిలో ముఖ్యమైనది: ముస్లిం అయినందుకు అవమానం ఎదురవకపోవడం. తిండి, నమాజు, నీళ్ళతో సమానంగా దాన్ని తప్పనిసరి అవసరాల వరసలో పెట్టారు. పర్యాటక వ్యాపారపు పత్రంలో ఒక మనిషి గౌరవం అంశంగా ఎక్కడం చిన్న సంగతి కాదు.

2015లో క్రెసెంట్‌రేటింగ్, మాస్టర్‌కార్డ్ కలిసి గ్లోబల్ ముస్లిం ట్రావెల్ ఇండెక్స్ విడుదల చేశాయి. దేశాలకు మార్కులు వేసి ర్యాంకులిచ్చాయి. ముస్లిం దేశాల జాబితా వేరు, మిగతా దేశాల జాబితా వేరు. మొదటి ఏడాది మలేషియా అన్నిటికంటే పైన నిలిచింది. రెండో జాబితాలో సింగపూర్ మొదటిది, థాయిలాండ్ రెండోది, బ్రిటన్ మూడోది. ఈ రెండో జాబితాయే కథను మార్చింది. తమతో పోటీపడే పొరుగు దేశం పై ర్యాంకులో ఉందని తెలిశాక ఏ పర్యాటక శాఖ ఊరుకుంటుంది? ఒక్కటి మరిచిపోకూడదు. లెక్కగట్టే సంస్థే దేశాలకు సలహాలు కూడా అమ్ముతుంది. అందువల్ల ఈ సంఖ్యలను అంచనాలుగానే తీసుకోవడం మంచిది. మార్కెట్ పెరిగిందన్న సంగతికి మాత్రం స్టేషన్లలో, విమానాశ్రయాల్లో వెలిసిన గదులే సాక్ష్యం.

జపాన్ వంటింట్లో, కొరియా దీవిలో

జపాన్ 2013 జూలైలో మలేషియా, థాయిలాండ్ పర్యాటకులకు వీసా అక్కర్లేదంది, ఇండోనేషియావాళ్ళకు నిబంధనలు సడలించింది. ఆ ఏడాది మొదటిసారి జపాన్‌కు వచ్చిన విదేశీయులు కోటి దాటారు. వచ్చిన మలయ్ కుటుంబాలకు చిక్కు వంటింట్లో ఎదురైంది. రామెన్ పులుసు చాలాచోట్ల పంది ఎముకలతో కాస్తారు. అది కనబడే చిక్కు. కనబడనిది మిరిన్. వంటల్లో తీపికి, మెరుపుకి వేసే ఆ బియ్యపు ద్రవంలో దాదాపు 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. సోయా సాస్‌లో కూడా చాలా రకాల్లో నిలవ కోసం కాస్త ఆల్కహాల్ కలుపుతారు. అంటే చేపకూర కూడా అనుమానమే.

కొన్ని హోటళ్ళు హలాల్ ముద్ర ఉన్న సోయా సాస్ తెప్పించి, వంటింటిని విడదీసి ధ్రువపత్రాలు తీసుకున్నాయి. అంత చేయలేని చిన్న భోజనశాలలు మరో దారి పట్టాయి. తమ దగ్గర ఏమి వాడతారో, ఏమి వాడరో, పాత్రలు వేరేగా ఉన్నాయో లేదో, మద్యం అమ్ముతారో లేదో కాగితం మీద రాసి తలుపు దగ్గర పెట్టాయి. తినాలా వద్దా అన్నది అతిథి ఇష్టం. కొరియా పర్యాటక సంస్థ ఈ పద్ధతినే దేశమంతటికీ వర్తింపజేస్తూ భోజనశాలలను తరగతులుగా విడగొట్టింది: ధ్రువపత్రం ఉన్నవి, యజమానే హలాల్ అని పూచీ ఇచ్చేవి, హలాల్ వంటకాలు కొన్ని దొరికేవి, పంది మాంసం మాత్రం వాడనివి. ‘వింటర్ సొనాటా’ సీరియల్‌తో పేరొచ్చిన నామి దీవిలో ప్రార్థన గది పెట్టారు. తైవాన్‌లో తైపే ప్రధాన స్టేషన్‌లో కూడా అలాంటి గది ఉంది.

2018లో జపాన్‌లోని టొయోటా నగరంలో, స్టేడియం బయట, ఓ వింత బండి ఆగింది. 25 టన్నుల ట్రక్కు. మీట నొక్కగానే దాని పక్కగోడలు బయటికి జరిగి, 48 చదరపు మీటర్ల గది తయారైంది. యాభైమంది ఒకేసారి నమాజు చేసుకోవచ్చు. బయట వజూకు కుళాయిలు, లోపల కిబ్లా దిక్కు అమర్చారు. టోక్యో ఒలింపిక్స్‌కు వచ్చే ముస్లిం ప్రేక్షకుల కోసం తయారుచేసిన సంచార మసీదు అది. కొవిడ్ వల్ల ఆ ఒలింపిక్స్‌కు విదేశీ ప్రేక్షకులను రానివ్వలేదు. ఆ బండి అనుకున్నంత ఉపయోగపడే అవకాశం రాలేదు. అయినా అతిథి వద్దకే మసీదును నడిపించుకు వెళ్ళాలన్న ఆ ఆలోచనకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

నీళ్ళలోకి దిగే హక్కు

ఆడవాళ్ళ విషయంలో ఈ కథ వేరే దారిలో నడిచింది. 1996లో టర్కీలోని దిదిమ్ తీరంలో కాప్రిస్ హోటల్ తెరిచారు. మద్యం ఉండదు, ఆడవాళ్ళకు వేరే ఈతకొలను, వేరే తీరం. తలమీద బట్ట కప్పుకునే మధ్యతరగతి టర్కీ స్త్రీలకు సముద్రపు సెలవులు అందుబాటులోకి వచ్చాయి. 2009లో బ్రిటన్‌లో మొదలైన హలాల్‌బుకింగ్ లాంటి వెబ్‌సైట్లు ఆడవాళ్ళ కొలను బయటికి కనబడుతుందా, ఏ వేళల్లో తెరుస్తారు అన్న వివరాలను కూడా వెతుక్కునేలా చేశాయి.

అందరితో కలిసి ఒకే తీరంలో ఈదాలనుకునే వాళ్ళకు దారి చూపింది ఆస్ట్రేలియాలోని అహెదా జనెట్టీ. లెబనాన్‌లో పుట్టి సిడ్నీలో పెరిగిన ఆమె, హిజాబ్ చుట్టుకుని నెట్‌బాల్ ఆడుతూ అవస్థపడుతున్న తన సోదరి కూతురిని చూసి ఆటలకు పనికొచ్చే దుస్తులు కుట్టింది. 2004 ప్రాంతంలో అందులోంచే బుర్కినీ పుట్టింది. తేలికైన, త్వరగా ఆరే ఈతబట్ట, తలకప్పుతో సహా. 2016లో ఫ్రాన్స్‌లో కాన్, నీస్ వంటి ఊళ్ళు దాన్ని తీరాల మీద నిషేధించాయి. ఆ ఆగస్టులోనే ఫ్రాన్స్ అత్యున్నత పాలనా న్యాయస్థానం విల్నవ్-లూబే ఊరు పెట్టిన నిషేధాన్ని నిలిపివేసింది. ఆడవాళ్ళను నీళ్ళలోకి దింపిన బట్టను వాళ్ళను నీళ్ళనుంచి గెంటడానికి సాకుగా వాడటం నాకు అన్యాయంగానే తోస్తుంది.

నమ్మకం తప్పినచోట

దిక్కు చెప్పే పని ఇప్పుడు ఫోనుకు వచ్చింది. హైదరాబాద్ నుంచి కిబ్లా పడమరకు దాదాపు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. న్యూయార్క్‌లో అయితే ఈశాన్యం వైపు తిరగాలి. భూమి గుండ్రన కాబట్టి అదే దగ్గరి దారి. ఇలాంటి లెక్కలు చేసిపెట్టే ముస్లిం ప్రో యాప్ 2010లో సింగపూర్‌లో పుట్టి కోట్లమందికి చేరింది. 2020 నవంబరులో, ఆ యాప్ వాడేవాళ్ళ లొకేషన్ వివరాలు ఎక్స్-మోడ్ అనే డేటా కంపెనీ ద్వారా అమెరికా సైనిక కాంట్రాక్టర్లకు చేరాయని మదర్‌బోర్డ్ పత్రిక బయటపెట్టింది. ఆ కంపెనీతో సంబంధం తెంచుకుంటున్నట్టు ముస్లిం ప్రో ప్రకటించింది. ఎక్కడ నిలబడి ప్రార్థిస్తున్నాడో నమ్మి చెప్పిన మనిషి సమాచారం అంగడి సరుకు కావడం కన్నా పెద్ద ద్రోహం ఈ రంగంలో మరొకటి లేదు.

మరో రకం తప్పు 2019లో ఇండోనేషియాలోని తోబా సరస్సు దగ్గర బయటపడింది. అక్కడి బతక్ ప్రజల్లో ఎక్కువమంది క్రైస్తవులు. పంది మాంసం వాళ్ళ పెళ్ళిళ్ళలో, పండుగల్లో భాగం. హలాల్ పర్యాటకం పేరుతో తమ తిండి మీద ఆంక్షలు వస్తాయన్న భయంతో వాళ్ళు ఆ ఏడాది పంది మాంసం పండుగ జరిపి నిరసన తెలిపారు. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. అతిథి కోసం ఒక గది, ఒక వంట, ఒక కుళాయి కొత్తగా చేర్చవచ్చు. ఊరివాళ్ళ కంచంలోది మాత్రం తీసేయకూడదు. ఈ గీత గుర్తున్నచోట ముస్లిం పర్యాటకం సాఫీగా సాగింది, మరిచినచోట గొడవైంది.

మన ఊళ్ళు చేయగలిగింది

హైదరాబాద్‌లో హలాల్ భోజనం గల్లీగల్లీకి దొరుకుతుంది. రంజాన్ రాత్రుళ్ళు చార్మినార్ చుట్టూ ఊరంతా మతభేదం లేకుండా చేరుతుంది. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒమన్, యెమెన్, సూడాన్, సోమాలియా నుంచి చికిత్స కోసం వచ్చే కుటుంబాలు టోలిచౌకి చుట్టుపక్కల వారాలకొద్దీ ఉంటాయి. ఆ వీధుల్లో అరబ్బీ బోర్డులు చూస్తూనే ఉంటాం. 2023లో విజయవాడ నుంచి కూడా హజ్ విమానాలు మొదలయ్యాయి. ఆతిథ్యం మనకు కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు.

జపాన్ చిన్న భోజనశాల చేసిన పనిని మాత్రం మనం ఇంకా నేర్చుకోవాలి. ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టాలి. గోల్కొండ చూసొచ్చే కుటుంబానికి ఆడవాళ్ళు నమాజు చేసుకునే వీలున్న మసీదు ఎక్కడుందో, ఆసుపత్రి పక్కన రంజాన్‌లో తెల్లవారక ముందు తినే సహరీకి ఏ హోటలు తెరిచి ఉంటుందో, శుభ్రమైన మరుగుదొడ్డి ఎంత దూరమో చెప్పే ఒక కరపత్రం తెలుగు, ఉర్దూ, అరబ్బీ, ఇంగ్లీషుల్లో ఉంటే చాలు. దాన్ని ఏడాదికోసారి సరిచూసుకోవాలి, అబద్ధం రాయకూడదు. అదే పద్ధతిలో జైన అతిథికి, బౌద్ధ యాత్రికుడికి, ఉల్లి వెల్లుల్లి తినని పెద్దవాళ్ళకు కూడా వివరాలు ఇవ్వవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలు, ఆసుపత్రులు, హోటళ్ళ సంఘాలు కూర్చుంటే కొద్ది రోజుల్లో అయ్యే పని ఇది. జబ్బుపడ్డ బిడ్డను తీసుకుని భాష రాని దేశానికి వచ్చిన తల్లి, తన ప్రార్థన వేళ తప్పకుండా చూసుకోగలిగితే ఆ కరపత్రం అచ్చువేసిన ఖర్చుకు నూరు రెట్లు ఫలితం వచ్చినట్టే.